రెండుసార్లు వచ్చిన వాక్యం

నిన్న వన్‌టౌన్‌లో ఓ బైండింగ్ షాపు ముందు నడుస్తుంటే ఉడికించిన మైదా జిగురు వాసన గుప్పున కొట్టింది. కరీమ్ మాస్టారు గుర్తొచ్చి అక్కడే నిలబడిపోయాను. ఆయన కంకిపాడులో తెలుగు మాస్టారుగా రిటైరై, అప్పట్లో నేను కంపోజింగ్ చేసే ప్రెస్సుకు ప్రూఫులు దిద్దడానికి రోజూ బస్సులో వచ్చేవారు. ఖురాన్ తెలుగు అనువాదం పని మొదలయ్యాక చేతులూ ముఖమూ కడుక్కుంటే గానీ కాగితం ముట్టేవారు కాదు. చిత్తు ప్రూఫుల్ని కూడా చెత్తబుట్టలో వెయ్యనివ్వక, గుడ్డసంచిలో పెట్టుకుని వెళ్ళేవారు.

నేనేమో చర్చికి వెళ్ళే పిల్లను. పైగా అన్నీ నాకే తెలుసునన్న పొగరు. చివరి పేజీల్లో ఒక చిన్న అధ్యాయం ఉంది: మీరు కొలిచేదాన్ని నేను కొలవను, నేను కొలిచేవాణ్ణి మీరు కొలవరు, మీ దారి మీది, నా దారి నాది అని. అందులో ఒక వాక్యం రెండుసార్లు కనిపించింది. రాసినవాళ్ళ పొరపాటనుకుని ఒకటి ఎగరగొట్టేశాను. ఎవరికీ చెప్పలేదు కూడా!

ఆ పేజీల ఫారాలు అచ్చయ్యాక, పుస్తకం వేయిస్తున్న కమిటీ పెద్దలు తప్పు పట్టుకున్నారు. మా ఓనరుగారు హడలిపోయారు.

"క్రిస్టియన్ పిల్ల కావాలనే తీసేసిందంటారమ్మా. రేపట్నుంచి రాకు."

నాన్న మంచం పట్టి ఉన్నారు. ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది.

మాస్టారు పెద్దల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. "తప్పు నాది కూడానండీ. నాకది చిన్నప్పట్నుంచీ కంఠతా వచ్చు. కాగితం మీద లేని వాక్యాన్ని కూడా నోరు చదివేసింది, కళ్ళు చూళ్ళేదు."

"తీసేసింది ఆ అమ్మాయేగా?" అన్నారొక పెద్దాయన.

"తెలియక తీసేసింది. ఎవరి దారి వాళ్ళదని చెప్పే అధ్యాయం అచ్చేస్తూ, దారి వేరని ఒక పిల్ల పొట్ట కొడతామా అండీ?"

పెద్దాయన ఆ ఫారాన్ని మాస్టారి చేతిలో పెట్టారు. "ఆ అమ్మాయి చేతే మళ్ళీ కంపోజ్ చేయించండి" అని లేచారు.

కళ్ళు తుడుచుకుంటూనే అడిగాను. "అదే మాట ఒకసారి చెబితే చాలదా మాస్టారూ?"

"నీలాంటి తలబిరుసుదానికి ఒకసారి చెబితే ఎక్కుతుందా?" అని నవ్వారాయన. "పండితులు ఏమంటారో గానీ, నా మటుకు నాకు రెండూ కావాలి తల్లీ. మొదటిది నిన్ను నా దారిలోకి లాగకుండా. రెండోది నీ దారిని తక్కువ చెయ్యకుండా."

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నేను ఎవరినీ మా చర్చికి రమ్మని లాగలేదు, మొదటిది సులువుగానే వచ్చింది. ఎదుటివాళ్ళ పూజ చూసి నోటిదాకా వచ్చే వెటకారాన్ని మాత్రం ఈ వయసులోనూ మింగాల్సి వస్తోంది. మింగుతున్నాను, మాస్టారూ.