సాసరు పట్టిన చేతులు

చౌటుప్పల్ బస్టాండు హోటల్లో సాసరు మీద కప్పు పెట్టిన చప్పుడు వినబడితే చాలు, నేను లేచి నిలబడతాను. బిల్లు కట్టకుండా పారిపోతున్నాననుకుని సేటు కూడా లేస్తాడు. దీనికంతటికీ కారణం మా యాదమ్మక్క.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను ఇటువైపే ఒక చిన్న మున్సిపాలిటీలో విలేకరిని. ఆ ఊరి పేరు చెబితే అక్కడ నాకు చాయ్ పుట్టదు. గొర్లకాపరుల ఇంటి మనిషి యాదమ్మక్క మా వార్డు కౌన్సిలరు. ఆమె గొంతెత్తితే నల్లగొండ దాకా గొర్లు తలలెత్తేవి. ఆమెది ఒకటే పట్టు: ఊరు ఊడ్చే ఆడవాళ్లకు మగవాళ్లతో సమానంగా కూలి ఇవ్వాలి. అదే మురుగు మోరీ, అదే కంపు, కూలి మాత్రం తక్కువ. మహిళా దినోత్సవం నాడు మా చైర్మన్ సమాన కూలి గురించి మాట్లాడితే ఆయన శాలువా కూడా కంటతడి పెట్టింది. నేను అరపేజీ రాశాను. మర్నాడు పొద్దున్నే అక్క మా గడపలో నిలబడింది.

"గాయన నోరేమన్నదో రాసినవు తమ్మీ. చెయ్యేం జేసిందో సూసినవా?"

"చెయ్యేం జేస్తదక్కా?"

"ఓటప్పుడు రా, సూస్తవు."

చూశాను. మా మున్సిపల్ సభలో ఓటంటే చెయ్యెత్తడమే. రోజూ గ్లాసుల్లో వచ్చే చాయ్ సమాన కూలి తీర్మానం రాగానే కప్పూ సాసరుతో వచ్చింది. ఒక చేత కప్పు, ఒక చేత సాసరు, ఇక ఎత్తడానికి చెయ్యేది? చైర్మన్ చాయ్ ఊదుతుంటే ఆ గాలికి ఫ్యాన్లు తిరిగాయి. అక్క చెయ్యొక్కటే లేచింది, తీర్మానం వీగిపోయింది. బయట చీపుర్లతో ఎదురుచూస్తున్న ఆడవాళ్లు "టైమైతాంది" అనుకుంటూ పనిలోకి వెళ్లిపోయారు.

కొన్ని నెలలకు తీర్మానం మళ్లీ వచ్చింది. వెంటే సాసర్లూ వచ్చాయి. ఈసారి అక్క కొంగు దోపి, ట్రే అందుకుని వరుసగా బయల్దేరింది.

"అన్నా, చాయ్ నేను పట్టుకుంట. నువ్వు జర చెయ్యి లేపు."

"ఇంక తాగనే లేదు గదక్కా!" అన్నాడు చైర్మన్.

"సల్లారితే మల్ల దెప్పిస్త. గా కిటికీల సూడు, నీకు ఓట్లేసిన చెల్లెండ్లు."

కిటికీ నిండా ముఖాలే. కొన్ని చేతులు జేబుల్లో దూరాయి. కొన్ని సిగ్గుపడుతూ లేచాయి. చైర్మన్‌ది భుజం నొప్పి ఉన్నట్టు సగం లేచింది. కమిషనర్ లెక్కపెట్టి, "ఒక్క చెయ్యి తక్కువ" అన్నాడు.

ఆ ఒక్క చెయ్యి అక్కదే! గోపురమంత ఎత్తు కప్పుల కింద ఇరుక్కుపోయింది.

"ఆగుండ్రి సారు!" అని అరిచి నా దగ్గరికొచ్చింది. "పట్టు తమ్మీ. రాసుడు తర్వాత."

నా పెన్ను కింద పడింది. అక్క రెండు చేతులూ ఎత్తింది. కమిషనర్ ఒక్కటే లెక్కపెట్టాడు. అదే చాలింది.

కూలి సమానమైంది. తర్వాతి ఎన్నికల్లో అక్క ఓడిపోయింది. పని కొత్త కాంట్రాక్టరు చేతికి పోయి, కూలిలో తేడా మళ్లీ మొలిచింది. ఈరోజు సభలో దాని మీద మళ్లీ ఓటు ఉంది. పొద్దున గొర్ల అరుపుల మధ్య నుంచి అక్క ఫోన్ చేసింది: "పోతున్నవా తమ్మీ?"

ఆ ఊరికి పోయే బస్సు కోసమే ఈ హోటల్లో కూర్చోలేక కూర్చున్నాను. పెన్ను జేబులోనే ఉంది. చేతులు మాత్రం ఖాళీగా ఉంచుకున్నాను. ఎవరైనా ట్రే ఇస్తారేమో.