చెరుకు రసం ఐసు వైద్యం

ఆ రోజుల్లో నేను ఫిజియోథెరపీ కొత్తగా చదువుతున్నాను కాబట్టి నిజామాబాద్‌లో ఒక్క మనిషిని కూడా మామూలుగా చూసింది లేదు. కంఠేశ్వర్‌లో ఆటో ఎక్కితే డ్రైవరు మెడ వంపు చూసేదాన్ని. ఇంట్లో బాపు కంచం ముందు కూర్చుంటే ఏ ముద్దలో ఎంత మాంసకృత్తు ఉందో చెప్పేదాన్ని. "నన్ను తిననిస్తవా, పరీక్ష పెడ్తవా బిడ్డా?" అంటూ ఆయన కంచం పట్టుకుని వాకిట్లోకి పోయేవాడు. (పాపం, పప్పును మెచ్చుకోబోయాను, అంతే.) ఎముకల పేర్లన్నీ కంఠతా వచ్చు గానీ, చెయ్యి వేసి చూడ్డానికి దెబ్బ తగిలిన మనిషే దొరకడం లేదు. ఎవరైనా కాస్త జారిపడితే బాగుండునని లోలోపల ఉండేది!

ఆ ముచ్చట బోధన్‌లో తీరింది. మా చిన్నమ్మ కూతురు అక్కడి ఆడపిల్లల కబడ్డీ జట్టుకు కెప్టెన్. కూతకు పోతే ఎవరి చేతికీ చిక్కదని అందరూ బుల్లెట్ అనేవాళ్లు. ఫైనల్ రోజు నన్ను జట్టుకు డాక్టరమ్మగా వెంట తీసుకుపోయారు. మొదటి సగం ముగుస్తుండగా బుల్లెట్ కాలు మెలికపడి కూలబడింది. (లోపల గంతేశాను, పైకి మాత్రం గంభీరంగానే నడిచాను.) చీలమండ బెణికింది, వాపు మొదలైంది. ఐసు పెట్టాలి! నా సంచిలో కట్టు గుడ్డలున్నాయి, లావుపాటి పుస్తకం కూడా ఉంది, ఐసు మాత్రం లేదు. గేటు దగ్గరున్న చెరుకు రసం బండి వైపు పరుగెత్తాను.

"చాచా, ఐసు!"

"ఎన్ని గ్లాసులు బేటీ?"

"గ్లాసులు కాదు చాచా, కాలికి!"

చాచా ఒక్క క్షణం నా మొహం చూశాడు. "రసంల ఏసిన గడ్డనే మిగిలింది. నడుస్తదా?"

"నడుస్తది, జల్ది ఇయ్యి!"

రసం కారుతున్న ఆ గడ్డను తువ్వాల్లో మూటగట్టి, బుల్లెట్ కాలు బెంచీ మీద పెట్టించి, మూట అదిమి పట్టుకున్నాను. కాసేపటికి ఆమె మొహం వెలిగిపోయింది. "అక్కా, నొప్పే తెలుస్తలేదు! నేను ఆడుత!" చుట్టూ ఈలలు, చప్పట్లు. జట్టు సారు పరుగున వచ్చాడు. ఫైనల్ గెలవాలని ఆయనకు ఎంత ఉందో, దగ్గరపడుతున్న రాష్ట్ర జట్టు ఎంపికలకు ఆ కాలు బాగుండాలని నాకూ అంతే ఉంది. కానీ నా వైద్యం పనిచేసిందన్న సంబరం ఎంతదంటే, 'ఆడొచ్చు' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేసింది.

అంతలో బుల్లెట్ "అవ్వో!" అని అరిచి, మోకాలు గోక్కుంటూ బెంచీ మీంచి లేచి ఒంటికాలి మీద చిందులు తొక్కింది.

"లేసింది సూడు! శెబాష్ బిడ్డా, నీ సదువు గొప్పదే!" అన్నాడు సారు.

నేను వంగి చూద్దును గదా, తీపి నీళ్లు కారిన దారంతా ఎర్ర చీమలు! తువ్వాల నిండా, చీలమండ చుట్టూ, పిక్క మీదుగా మోకాలి దాకా బారు కట్టాయి. పాదం నిండా కుట్టిన దద్దుర్లున్నాయి. మరి మోకాలి దాకా వచ్చేవరకు పిల్ల ఎందుకు అరవలేదు? అప్పుడు బుర్రలో దీపం వెలిగింది.

"సార్, ఐసుకు కాలు మొద్దుబారింది. ఇన్ని చీమలు కుట్టినా తెల్వలేదు దానికి. ఇగ ఆడుతుంటే నరం తెగినా తెలుస్తదా? నేనైతే పంపియ్య!"

సారు చీమల వంక, నా వంక చూసి, ఇంకో పిల్లను లోపలికి పంపాడు. ఆఖరి కూత దాకా గొంతు పోయేలా అరిచాం. అయినా ఓడిపోయాం. బుల్లెట్ నా భుజం మీద పడి ఏడ్చింది, "నీతోటే ఓడినం" అని నన్నే తిట్టింది. నేనూ బాగా ఏడ్చాను.

ఎంపికల రోజు ఫోన్ చేసింది. "అక్కా, తీసుకున్నరు నన్ను!" అని అరిచి, ఆ వెంటనే "ఆ చీమలు రాకుంటే ఆ రోజు నన్ను ఆడనిస్తుంటివా?" అంది.

కాలికి కట్టు కట్టుకున్నవా లేదా అని మాట మార్చాను. ఇప్పుడు నా క్లినిక్‌లో ఐసుకు వేరే ఫ్రిజ్ ఉంది, తీపి తగలని శుభ్రమైన ఐసు. అయినా ఎవరైనా "నొప్పే లేదు మేడం" అంటే, చల్లదనం పోయేదాకా కూర్చోబెట్టి, రసం కారుతున్న మూటతో పరుగెత్తిన ఆనాటి డాక్టరమ్మను తలుచుకుని నవ్వుకుంటాను. ఇప్పుడు అలా పరుగెత్తమంటే నా నడుము ఒప్పుకోదు. ఏ కండరం ఒప్పుకోదో కూడా నాకు బాగా తెలుసు.