చీటీ ముందు, రిపోర్టు వెనుక

రోగుల చీటీలను ఆఫీసు రిపోర్టుకంటే ముందు నడిపించినందుకు యాకూబ్ సార్‌ను ఉద్యోగంలోంచి తీసేశారు. తీసేసిన కాగితంలో మాత్రం "నిర్లక్ష్యం" అని రాశారు. అది అబద్ధం. రాసినవాళ్లకూ తెలుసు.

నిన్న జనగామలో పార్సిల్ ఆఫీసుకు పోతే అక్కడ ఇంకా పాతకాలపు ప్రింటర్ ఉంది. సూదులు గర్రుమంటూ కాగితం మీద పరుగెత్తాయి, రిబ్బన్ సిరా వాసన ముక్కుకు తగిలింది. రసీదు చేతికొచ్చినా నేను కదలలేదు. వెనుకనున్నాయన "జరుగు పెద్దమనిషీ" అన్నాడు. ఆ చప్పుడు పక్కన నేను పదకొండేళ్లు కూర్చున్నానని అతనికేం తెలుసు?

మహబూబాబాద్‌లో ఒక ట్రస్టు నడిపే దవాఖానలో చీటీలు కొట్టే పని నాది. నర్మెట్టలో ఏడో తరగతితో ఆగిన చదువు నాది. మిగతాది పొట్లం కాగితాలు చదివి, పాత నిఘంటువు తిరగేసి నేర్చుకున్నాను. కంప్యూటర్లు చూసుకోవడానికి యాకూబ్ సార్ కాంట్రాక్టు మీద వచ్చేనాటికి నాకు నలభై ఎనిమిదేళ్లు. ఆయన నాకంటే పన్నెండేళ్లు చిన్న. మొదటి రోజే నా బల్ల మీది నిఘంటువు చూసి, "సోమన్నా, గిది సదివెటోడికి మిషన్ ఎంత? దా, జర గూసో" అన్నారు. అంతకుముందు ఆ ఆఫీసులో నన్ను కూర్చోమన్నవాడు లేడు. సార్ అని పిలవొద్దని ఆయన ఎన్నిసార్లు చెప్పినా నేను మానలేదు.

దవాఖాన మొత్తానికి ఒకటే పెద్ద కంప్యూటర్. చీటీలు దానిమీదే, రక్తపరీక్షల ఫలితాలు దానిమీదే, హైదరాబాదులోని ట్రస్టు కార్యాలయానికి పోయే రిపోర్టూ దానిమీదే. ఆ రిపోర్టును ఆఫీసువాళ్లు రోజూ పది గంటలకు మొదలుపెట్టేవారు. సరిగ్గా అప్పుడే గూడూరు వైపు బస్సులు దిగి జనం వచ్చేవారు. నా తెర బిగుసుకుపోయేది. జ్వరంతో కాలే పిల్లలను చంకనేసుకుని తల్లులు నిలబడేవారు. తిట్లు నాకే. "కంప్యూటర్ పండుకున్నదా, నువ్వు పండుకున్నవా?" అని ఒక అవ్వ రోజూ అడిగేది.

యాకూబ్ సార్ రెండు రోజులు ఆ వరుసను చూశారు. మూడో రోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పారు. కంప్యూటర్‌లో అన్ని పనులూ ఒకేసారి నడుస్తున్నట్టు కనిపిస్తుంది కానీ, లోపల ఆపరేటింగ్ సిస్టమ్ సమయాన్ని ముక్కలు చేసి పంచుతుంది. ఎవరికి ఎక్కువ ఇవ్వాలో ప్రతి పనికీ ఒక అంకె పెట్టి దానికి చెప్పవచ్చు. మైనస్ ఇరవై నుంచి పందొమ్మిది దాకా ఆ అంకెలు. ఆయన చీటీలను ముందుకు జరిపారు, రిపోర్టును పందొమ్మిదిలో పెట్టారు. మరుసటి రోజు పదింటికి నా ప్రింటర్ ఆగలేదు. అవ్వ చీటీ అందుకుని నన్ను అనుమానంగా చూసింది. తిట్టడానికి ఏమీ దొరకలేదు.

ఒక శుక్రవారం ఆయన నమాజుకు పోయినప్పుడు కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలైంది. అంకెలు చెరిగిపోయాయి. నాకు వచ్చుకదా అని నేనే చీటీలకు పందొమ్మిది ఇచ్చాను. దేనికి ఏ అంకె ఉండేదో గుర్తులేదు, పెద్ద అంకె అంటే పెద్ద పీట అనుకున్నాను. వరుస గేటు దాకా పెరిగింది. ఆయన తిరిగొచ్చి, తెర చూసి, కడుపు పట్టుకుని నవ్వారు.

"మార్కులనుకున్నవా సోమన్నా, ఎక్కువొస్తే ఫస్టని? గిది టోకెన్ లెక్క. నంబర్ తక్కువున్నోడు ముందట పోతడు. నువ్వు జనాన్నందర్ని తీస్కపోయి ఎన్క గూసోవెట్టినవ్."

నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన ఆ తప్పు ఎవరికీ చెప్పలేదు. కీబోర్డు నావైపు జరిపి, "నువ్వే మార్చు" అన్నారు.

కురవి జాతర రోజుల్లో జనం విరగబడ్డారు. చీటీలకే కంప్యూటర్ సరిపోయింది. రిపోర్టు సాయంత్రం దాకా ఈడ్చుకుంటూనే ఉంది. నాకు లోపల సంతోషం, మంచిగైంది ఆఫీసోళ్లకు అని. ఆయనకు మాత్రం నచ్చలేదు. "ఎన్కకు వెట్టుడంటే సంపుడు గాదన్నా. దాని వంతు దానికి రావాలె" అని రిపోర్టును పందొమ్మిది నుంచి పదికి తెచ్చారు. రిపోర్టు ఆలస్యమని తనను తిట్టే ఆఫీసువాళ్ల పని విషయంలో కూడా అంత న్యాయం చూసిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. అలాంటి వాడికి నిర్లక్ష్యం అంటగట్టారు.

ట్రస్టు అధికారి ఒకరోజు నేరుగా మా గదిలోకి వచ్చాడు. ఇరవై నిమిషాల్లో అయ్యే రిపోర్టు గంట పడుతోందట.

"ఎవరు మార్చారు?"

"నేనే సార్."

"ఎవరినడిగి?"

"లైన్ల నిలబడ్డోళ్లను జూసి మార్చిన."

"హైదరాబాద్‌లో పెద్దలు ఎదురుచూస్తుంటారయ్యా!"

"చూడనియ్యుండ్రి సార్. గంట ఆలస్యమైతే కాయితానికి జ్వరం రాదు."

నేను నవ్వు ఆపుకోలేక బల్ల కిందికి వంగాను. అధికారి ముఖం ఎర్రబడింది. పాత పద్ధతికి మార్చమన్నాడు. యాకూబ్ సార్ ఒక తెల్లకాగితం ముందు పెట్టారు. "రోగులకంటే రిపోర్టు ముందు అని రాసి సంతకం వెట్టుండ్రి. ఇప్పుడే మారుస్త." అధికారి పెట్టలేదు. వారం తిరగకముందే కాంట్రాక్టు రద్దయింది. యంత్రం పాడయ్యేలా నిర్లక్ష్యం చేశాడని అనుభవపత్రంలోనే రాసిచ్చారు.

తర్వాత నన్ను పిలిచి, ఆ అంకెలు మార్చడం తెలుసా అని అడిగారు. తెలియదన్నాను. ఏడో తరగతి వాడికి ఏం తెలుస్తుందని వాళ్లే తల ఊపారు. జీవితమంతా నన్ను కించపరిచిన నా చదువు ఆ ఒక్కరోజు నాకు అక్కరకొచ్చింది. కంప్యూటర్ ఆగి మొదలైనప్పుడల్లా గుట్టుగా నేనే మళ్లీ పెట్టాను. నేను రిటైరయ్యే దాకా ఆ అంకెలు కదలలేదు.

ఆయన బొగ్గు గనులున్న భూపాలపల్లిలో చిన్న రిపేరు కొట్టు పెట్టుకున్నారు. నేను పోయినప్పుడు బొగ్గు నుసి నిండిన కీబోర్డును బ్రష్షుతో దులుపుతున్నారు. "ఈడ మిషన్లు గూడ దగ్గుతయన్నా" అని నవ్వారు. చాయ్ తాగాక నవ్వు పోయింది. రెండు దవాఖానల్లో పనికి అడిగారట. ఆ పత్రం చూసి ఇద్దరూ పంపేశారట.

"ట్రస్టుకు నేను ఉత్తరం రాస్త" అన్నాను.

"ఇడిసిపెట్టు సోమన్నా. పరేషాన్ అయితవ్."

"నాకు వేరే పనేమున్నది?"

రాశాను. జవాబు రాలేదు. మళ్లీ రాశాను. రిజిస్టరు పోస్టులో తొమ్మిది ఉత్తరాలు పంపాను. ఏడో ఉత్తరం వేసిన నెలలో యాకూబ్ సార్ గుండె ఆగి పోయారు. చుట్టాలు, స్నేహితులు ఇక చాలించమన్నారు. మనిషి పోతే అబద్ధం నిజమైపోతుందా? మరో రెండు రాశాను. పత్రంలోని ఆ మాటకు ఆధారం చూపమన్నాను. ఆయన పెట్టిన పద్ధతి ఇప్పుడు ఏమైందో చెప్పమన్నాను.

ఆయన నుంచి నాకు మిగిలింది ఇదే. ఎక్కడ వరుస కనిపించినా, ఎవరు ముందు ఉన్నారని కాదు, ఎవరు ముందు ఉండాలని చూస్తాను. పెన్షన్ కార్యాలయంలోనైనా, రేషన్ షాపులోనైనా నోరు మూసుకోలేను. ముసలోడికి చాదస్తం అంటారు. అననీ.

ఈ నెలలో జవాబు వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"అయ్యా, సదరు యాకూబ్ వలన యంత్రమునకు నష్టము కలిగినట్లు మా దస్త్రములలో ఆధారమేదియు లభించలేదు. ఆయన మరణించినందున కొత్త పత్రము జారీ చేయవలసిన అవసరము లేదని భావించుచున్నాము. రోగుల చీటీలకు ఆయన కల్పించిన ప్రాధాన్యము మా కొత్త కంప్యూటరులోనూ అదే విధముగా అమలులో ఉన్నది. దానిని మార్చు ఉద్దేశము లేదు."