అడ్డచుట్ట మానని పెద్దమ్మ

నిన్న మా ఆసుపత్రిలో కొత్తగా చేరిన డాక్టరమ్మాయి ఒకతె వచ్చి, "మేడమ్, ఎండీఎస్ చేస్తూ పక్కన రీసెర్చి డిగ్రీ కూడా చెయ్యొచ్చా? మీరు చేశారట కదా" అని అడిగింది. చేశాను తల్లీ, చేశాను. శ్రీకాకుళం పక్క సముద్రపు ఒడ్డున పుట్టినదాన్ని. మావాళ్లలో చేపల గంప ఎత్తకుండా పళ్లు పీకడానికి బయల్దేరిన మొదటి ఆడపిల్లని నేనే. ఒక్క చదువుతో ఊరుకుంటానా! వారమంతా కాలేజీలో రోగులూ, ప్రొఫెసర్ల చీవాట్లూను. ఆదివారం వచ్చిందంటే టార్చిలైటూ చిన్న అద్దమూ సంచిలో వేసుకుని, రెండో చదువు కోసం మా పేటకి బస్సెక్కడం. సీటు దొరక్కపోయినా ఎచ్చెర్ల వచ్చేసరికి నిలబడే నిద్రపోయేదాన్ని.

ఆ రెండో చదువుకి నేను తీసుకున్న విషయం అడ్డచుట్ట. మా పేట ఆడవాళ్లు చుట్టని, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు. సముద్రపు గాలికి ఆరదు, రెండు చేతులా పని చేసుకోవచ్చు. కాలేది మాత్రం అంగిలి. అక్కడ తెల్లమచ్చ కడుతుంది. మానేస్తే చాలామందికి తగ్గుతుంది, మానకపోతే కొందరికి కేన్సరవుతుంది. కాలుస్తున్నవాళ్ల మచ్చలు ఎలా మారుతున్నాయో చూడటం నా పని. చూసిన ప్రతిసారీ మానెయ్యమని చెప్పడం కూడా నా పనే.

మా అమ్మకి అక్క, నన్ను పెంచిన పెద్దమ్మ, లేకపోతే ఆ పేటలో నాకు ఒక్క నోరు తెరుచుకునేది కాదు. "తెరండే నోరు! సేపల బేరానికైతే ఊరంతా ఇనపడేలాగ తెరుస్తారు, మా గుంట సదువుకి తెరవనేరేటి?" అని అందర్నీ కూర్చోబెట్టేది. అందరికంటే ముందు తనే తెరిచింది. తెల్లమచ్చ ఉంది. నా మొహం చూసి, "ఏడకే, మానేత్తాను" అంది. అన్నట్టే మానేసింది. అడ్డచుట్టలు కాల్చేవాళ్లందర్నీ వీధిలో నిలబెట్టి తిట్టి, ఒక్కొక్కరిచేతా మానిపించడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకి ఆవిడ మచ్చ పలచబడింది. ఆ పూట నేను తిన్న చేపల పులుసు రుచి మళ్లీ దొరకలేదు.

తర్వాత ఒకసారి మా గైడు సారు పేటకి వచ్చారు. పెద్దమ్మ పెట్టిన రొయ్యల వేపుడు తింటూ, "మానేసినవాళ్లని లెక్కలోంచి తీసెయ్యమ్మా, మనకింక పనికిరారు" అన్నారు. ఆయన మళ్లీ వడ్డించమన్నారు, ఆవిడ వడ్డించింది. పై ఆదివారం వెళ్లేసరికి పెద్దమ్మ నోట్లో చుట్ట.

"ఏటి సెయ్యనే, నావల్ల అవనేదు" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఉన్న చుట్టలన్నీ గుంజి ఇసకలో పారేశాను, తిట్టాను, బతిమాలాను, మాట్లాడటం మానేశాను. దేనికీ లొంగలేదు. నవ్వి, "సూసి సరిగ్గా రాసుకో" అని నోరు తెరిచేది.

చివరికి ఆ మచ్చ మధ్యలో ఎర్రగా పుండు లేచింది. ముక్క తీసి పరీక్షకి పంపితే, మైక్రోస్కోపులో చూసిన సారు కళ్లజోడు తీసి కూర్చుండిపోయారు. విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి పైదవడ సగం తీసేశారు. ఆ ఖాళీకి ప్లేటు పెట్టారుగానీ, గంజి తాగినా ముక్కులోంచి వచ్చేసేది. పేట మొత్తాన్ని ఒక్క కేకతో నిలబెట్టిన మనిషి మాట, పక్కన కూర్చున్నా అర్థమయ్యేది కాదు.

వార్డులో ఆవిడ మూతి తుడుస్తూ ఉండబట్టలేక అడిగేశాను, "ఒకపాలి మానినదానివి, మళ్లీ ఎందుకు ముట్టుకున్నావు పెద్దమ్మా?" అని.

ఆగి ఆగి, ముక్కుతో చెప్పింది. "మానేసినోళ్లు పనికిరారని మీ సారు సెప్పినాడు గదేటే. అందరిసేతా నేనే మానిపించేసినాను. నేనూ మానేత్తే నీ సదువెలగవుతాది?"

గోడకేసి తల బాదుకోవాలనిపించింది. ఓసి పిచ్చి పెద్దమ్మా, నువ్వు మానేస్తే నా లెక్కలో ఒక మనిషి తగ్గేది, అంతే కదా! మళ్లీ ఆవిడ మూతి తుడిచాను. బాగా చదువుతున్నావా అన్నట్టు నా మొహంకేసే చూస్తోంది.

వానలు పడకముందే పోయింది. ఆ తర్వాత రెండు డిగ్రీలూ ఇంచుమించు ఒకేసారి చేతికొచ్చాయి. రెండూ కలిపి చదివి కొన్నేళ్లు మిగుల్చుకున్నావని చుట్టాలంతా మెచ్చుకున్నారు. ఆ మిగిలిన ఏళ్లు పెద్దమ్మవి.