మూడు అఫిడవిట్లు, ఒకే వసారా

2023 వేసవి. నరసరావుపేటలో కోర్టుకెదురు సందులో నాది టైపింగ్ షాపు. అప్పటికి పంతొమ్మిదేళ్లుగా అఫిడవిట్లు కొడుతున్నాను. అఫిడవిట్ అంటే నోటరీ ముందు ప్రమాణం చేసి సంతకం పెట్టే వాంగ్మూలం. నేను కొట్టిన కాగితం ఏ ఆఫీసు నుంచీ తిరిగి రాదని గొప్పలు పోయేదాన్ని. ఆ పొగరు ఒక్క పూటలో దిగింది.

ఆ రోజు మాచర్ల దగ్గరి పల్లె నుంచి నూర్జహాన్ వచ్చింది. ఆమె భర్త ఖాసిం లారీ మెకానిక్. ఊళ్లో ఒక హత్యను కళ్లారా చూశాడు. సాక్ష్యం మార్చనన్నందుకు హంతకుల మనుషులు అతని షెడ్డు తగలబెట్టి, తర్వాత వంతు నీదేనన్నారు. ఎలాగో కెనడా చేరి, తిరిగి పంపితే చంపేస్తారు, ఇక్కడే ఉండనివ్వండని అసైలం, అంటే ఆశ్రయం, అడిగాడు. షెడ్డు తగలబెట్టడం చూసిన ముగ్గురి అఫిడవిట్లు అంతకు ముందు ఏడాది ఇంగ్లీషులో కొట్టిచ్చింది నేనే.

"కాదన్నారంట అక్కా. ఎందుకు కాదన్నారో కాస్త సదివి చెప్పు" అని, ఖాసిం పంపిన ఆర్డరు తెరిచి ఫోను నా చేతిలో పెట్టింది.

మూడు పేజీలు గడగడా చదివి తెలుగులో చెప్పాను. నాలుగో పేజీని రెండుసార్లు చదివాను. ముగ్గురు సాక్షులూ 'సాయంత్రం మా ఇంటి వసారాలో కూర్చుని ఉండగా పెద్దగా కేకలు వినిపించి బయటికి వచ్చి చూడగా' అని అక్షరం పొల్లుపోకుండా ఒకేలా చెప్పారు కాబట్టి ఇవి అల్లిన సాక్ష్యాలు, నమ్మలేమని రాశాడు అక్కడి ఆఫీసరు.

ఆ వాక్యం నాది! మా సందులో అందరం చేసేదదే. ఒక ఫార్మాట్ ఉంటుంది. పేరు, తండ్రి పేరు, వయసు మార్చి ప్రింటు తీస్తాం. ఇక్కడ ఏ కోర్టులోనూ ఎవరూ అడిగిన పాపాన పోలేదు. ఆ ముగ్గురిలో టీకొట్టు వెంకటేశ్వర్లు అసలు ఇంట్లోనే లేడు. కొట్లోంచి నీళ్ల బిందెతో పరిగెత్తి, మంటల్లో చెయ్యి కాల్చుకున్నాడు. ఆ చెయ్యి నాకు చూపించాడు కూడా. "అదంతా ఎందుకులే బాబాయ్, పాయింటు చాలు" అన్నది నేనే.

"తప్పు నాదే నూర్జహాన్" అని ఉన్నదున్నట్టు చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఆమె నా ముఖంలోకి చూసి, "అయితే మా ఆయన అబద్ధం చెప్పలా గదక్కా?" అంది. పెద్దాఫీసరు నమ్మలేదనేసరికి తనకే అనుమానం వచ్చిందట. ఆ మాటకు నేను ఏడ్చేశాను.

కెనడాలో ఖాసిం లాయరు తెలుగాయనే. వెంటనే ఫోన్ చేశాం. జ్యుడీషియల్ రివ్యూకి, అంటే ఆ నిర్ణయాన్ని కోర్టు పరిశీలించడానికి, దరఖాస్తు వేస్తున్నానన్నాడు.

"మూడు అఫిడవిట్లూ సాయంత్రానికల్లా కొత్తగా కొట్టి పంపుతానండీ" అన్నాను.

"లాభం లేదమ్మా. కోర్టు కేసును మళ్లీ మొదటి నుంచి వినదు. అప్పుడు ఆఫీసరు ముందున్న కాగితాలను బట్టి ఆయన నిర్ణయం సబబా కాదా అన్నదే చూస్తుంది. కొత్త సాక్ష్యం మామూలుగా తీసుకోరు."

"మరి మా బాబాయ్ కాలిన చెయ్యి?"

"అప్పుడే చెప్పి ఉండాల్సింది."

"చెప్పాడండీ! నాకు చెప్పాడు!" అని అరిచాను.

ఎఫ్ఐఆర్‌ను, షెడ్డు ఫోటోలను ఆఫీసరు సరిగా చూడలేదని ఆయన గట్టిగానే వాదించాడట. కొన్ని నెలలకు కోర్టు ఆ దరఖాస్తును కొట్టేసింది. ఒకే మాట మూడు నోళ్లలో వినిపిస్తే అనుమానించడం అసమంజసం కాదంది. ఆ కుర్చీలో నేనున్నా అదే అనేదాన్నేమో.

ఖాసింను తిప్పి పంపేశారు. సొంతూరు పోలేక నూర్జహాన్‌తో కలిసి చిలకలూరిపేటలో తలదాచుకుంటున్నాడు. పని చేసే షెడ్డులో షట్టరు సగం దించే ఉంచుతాడు.

ఇప్పుడు నా దగ్గరికొచ్చిన మనిషిని ముందు కూర్చోబెట్టి, ఎక్కడున్నావు, ఏం చేశావు, ఏం చూశావు అని చివరిదాకా వింటాను. ఆ తర్వాతే టైపు. "ఏందమ్మా, చానా సేపు పడుతుండాది" అని విసుక్కుని పక్క షాపుకి పోయేవాళ్లున్నారు. పోనీ. ఖాసింకు మాత్రం నేను నేర్చుకున్న ఈ పాఠం దేనికీ పనికిరాదు.