పిట్టల తోటలో గడ్డి కోయించింది నేనే

అల్ ఐన్ అవతల, కౌజు పిట్టల వేట కోసం పెంచిన ఒక పెద్ద తోట బేరం 2014 చలికాలంలో చెడిపోయింది. కమీషన్‌కు ఆశపడి మావాడే చెడగొట్టాడని దుబాయ్‌లో మా తెలుగువాళ్ళు చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. అది అబద్ధం.

మావాడంటే మా ఆఫీసులో కొనుగోళ్ళు చూసిన వరంగల్ కుర్రాడు. నేను అకౌంటెంట్‌ని, అతనికంటే చాలా ముందు చేరినవాణ్ణి. అయినా మా యజమాని, మేము ముదీర్ అని పిలిచే అరబ్బు, కారులో అతన్నే ముందు సీట్లో కూర్చోబెట్టుకునేవాడు. వెనక ఫైళ్ళతో నేను. అతన్ని పేరు పెట్టి పిలిచేవాడు, నన్ను "ముహాసిబ్" అనేవాడు, లెక్కలవాడు అని. కుర్రాడి అరబ్బీ సగం తప్పులే. ఆ తప్పులకు ముదీర్ కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వేవాడు. నా అరబ్బీలో తప్పులుండవు. ఎవరూ నవ్వలేదు.

ముదీర్‌కు డేగలతో వేటాడే పిచ్చి. బయట వేటాడటం నిషేధం కనుక, కంచె లోపల పిట్టలు పెరిగే సొంత నేల ఒకటి కావాలని చాలాకాలంగా అంటున్నాడు. ఈ తోటను వెతికి పట్టుకొచ్చింది మావాడే. ముగ్గురం చూడటానికి వెళ్ళాం. మన జమ్మిలాంటి గాఫ్ చెట్లు, జింకలకు నీళ్ళ తొట్లు, మిగతాదంతా మోకాలెత్తు ఎండుగడ్డి, తుప్పలు. నాలుగడుగులు వేశామో లేదో, కాళ్ళ దగ్గర్నుంచి పిట్టలు బుర్రున లేచాయి. ముదీర్ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

"ఇదేం తోటయ్యా, కలుపు తీసే దిక్కు లేదు," అన్నాను. మాది గోదావరి పక్క పల్లె. చేలో కలుపు కనిపిస్తే మా నాన్న ఆ రోజు అన్నం సరిగా తినేవాడు కాదు.

"గడ్డే అసలు సామాను అన్నా," అన్నాడు మావాడు. "గడ్డి పోతే పిట్ట నిలవది. మీ ఆంధ్రోళ్లకు వరి తప్ప ఇంకోటి కండ్లకానది గద!"

అతను చెప్పాడు కనుకే నేను నమ్మలేదు.

ముదీర్ అక్కడికక్కడే మావాడికి మాట ఇచ్చాడు. తోట కొంటే చూసుకునేది నువ్వే, గేటు పక్క ఇల్లు నీకే, పెళ్ళాం బిడ్డను తెచ్చుకో అన్నాడు. ఇక కావలసింది, డబ్బు పెట్టే ముదీర్ వాళ్ళన్న ఒప్పుకోవడమే. మావాడు ఎగిరి గంతేసినంత పని చేశాడు. అప్పటిదాకా సత్వాలో నలుగురితో కలిసి ఒక గదిలో ఉండేవాడు. తోటలో ఆ గేటు పక్క ఇంటికి రెండు వైపులా వరండా ఉంది. ఇంటర్నేషనల్ సిటీలో మా ఇంటి కిటికీలోంచి ఎదుటివాళ్ళు ఆరేసిన బట్టలు తప్ప ఏమీ కనబడవు. తిరుగు ప్రయాణంలో దారి పొడుగునా నేను ఆ వరండా గురించే ఆలోచించాను.

భార్యను తీసుకురావడానికి అతను ఊరెళ్ళాడు. ఆమె బడిలో టీచరు ఉద్యోగానికి రాజీనామా కూడా ఇచ్చేసింది. ముదీర్ వాళ్ళన్న తోట చూడటానికి వస్తున్నాడని, ముందుగా వెళ్ళి భోజనాల ఏర్పాటు చూడమని నన్ను పంపారు.

అక్కడ ఆ గడ్డిని చూస్తే మళ్ళీ ఒళ్ళు మండింది. శుభ్రంగా చేయిస్తే, ఇది ఎవరి పనితనం అని ముదీర్ అడుగుతాడు, అప్పుడు వెనక సీటు నుంచి నేను కనిపిస్తాను అనుకున్నాను. తోట పని చూసే పఠాన్‌ను పిలిచి అంతా కోసేయమన్నాను.

"పక్కా సాబ్? తోట సేట్ ఊళ్ళో లేడు," అన్నాడు అతను హిందీలో.

"కొనేది మా ముదీర్. ఆయన హుకుం," అన్నాను. ముదీర్ ఏమీ చెప్పలేదు.

ట్రాక్టరు పెట్టి కోస్తే సాయంత్రానికి నేల మా ఊరి కళ్ళంలా తయారైంది. నాకు ముచ్చటేసింది కూడా. మర్నాడు ముదీర్ వెంట వాళ్ళన్న చేతి మీద డేగతో దిగాడు. ఎంత నడిచినా ఒక్క పిట్ట లేవలేదు. కంచె దాకా వెళ్ళి వెనక్కి వచ్చి "ఖలాస్" అని కారెక్కాడు.

ముదీర్ నా వైపు తిరిగాడు. "మొన్నటి పిట్టలేవి? ఆ గడ్డేది?"

కోయించానని చెప్పడానికి అప్పటికీ సమయం ఉంది. "గడ్డి వాళ్ళే కోసేశారు సార్. పిట్టల్ని ఆ రోజు మనకు చూపించడానికి బోనుల్లోంచి తెచ్చి వదిలి ఉంటారు," అన్నాను. ఎవరు వదిలారో చెప్పలేదు. తోట చూపించింది మావాడే కనుక చెప్పనవసరం లేకపోయింది.

ఇల్లు పోయిందని తెలిసి మావాడు ఒంటరిగా తిరిగొచ్చాడు. అతన్ని షార్జా గోదాముకు వేశారు.

"అన్నా, ఆ గడ్డి ఎవలు కోసిండ్రు?" అని అడిగాడు.

"నేను వెళ్ళేసరికే అలా ఉంది," అన్నాను.

కొన్నాళ్ళకు ఆ ఉద్యోగమూ మానేసి ఊరెళ్ళిపోయాడు. శుక్రవారం భోజనాల దగ్గర అమ్మేవాడి దగ్గర అతను కమీషన్ తిన్నాడన్న మాట ఎవరెత్తినా నేను కాదనలేదు. ఒకటి రెండుసార్లు తల కూడా ఊపాను. ముందు సీటు ఖాళీ అయింది గానీ ముదీర్ దాంట్లో తన డేగను కూర్చోబెట్టుకున్నాడు.

ఇన్నేళ్ళకు, పోయిన నెల, అతని నంబరు సంపాదించి ఫోన్ చేశాను. గడ్డి కోయించింది నేనే అన్నాను.

"ఎరుకే అన్నా. పఠాన్ ఎప్పుడో ఫోన్ల చెప్పిండు."

"మరి నన్నెందుకు అడగలేదు?"

"అడిగిన గద, ఒకపారి. నాకెందుకు చెప్తున్నవ్? మా ఆమెకు చెప్పు. కమీషన్ తిన్ననని గిప్పటికీ నా మీద అనుమానమే. నేను చెప్తె నమ్మలే."

ఫోన్ చేతులు మారిన చప్పుడు. "ఎవరండీ?" అందామె.

నేను ఎవరో చెప్పాను. తర్వాత మొదటి నుంచి మొదలుపెట్టాను.