నవ్వితే కూలబడే పెదబాబు

మా బావ పెదబాబుకి నవ్వొస్తే మోకాళ్ళు జారిపోతాయి. ఒకళ్ళనొకళ్ళు ఆటపట్టించుకోకుండా పూట గడవని మా భీమవరం పక్క పల్లెలో ఇలాంటి జబ్బు రావడం కన్నా అన్యాయం ఉంటుందా?

పెద్దిరాజుగారి రొయ్యల చెరువులో పడవ మీద తిరుగుతూ మేత చల్లడం అతని పని. కూర్చున్నచోటే నిద్ర ముంచుకొస్తుంటే రాజమండ్రి డాక్టరుగారు నార్కోలెప్సీ అనే నిద్ర జబ్బని, నవ్వితే కూలబడటమూ అందులో భాగమేనని తేల్చారు. మెలకువకి మోడఫినిల్, నవ్వినప్పుడు ఒళ్ళు వదిలేయకుండా వెన్లాఫాక్సిన్ రాశారు. రెండోది ఉన్నట్టుండి మానకూడదన్నారు. పడవ ఎక్కొద్దన్నారు. ఎక్కకపోతే ఇల్లెలా గడవాలో మాత్రం రాయలేదు.

జబ్బు సంగతి ఇంట్లోవాళ్ళకీ నాకూ తప్ప తెలియనివ్వలేదు. బిళ్ళలు పనిచేశాయి, బావ అందరిలాగే నవ్వాడు. అంతలో మెడికల్ షాపతను రెండో బిళ్ళ చూసి, "ఇది డిప్రెషన్‌కి కూడా ఇస్తారండి" అన్నాడు.

బావ భార్య లోవలక్ష్మి హడలిపోయింది. "మెంటల్ బిళ్ళలు మింగుతున్నారని రాజుగారికి తెలిస్తే పడవ ఎక్కనిస్తారా ఏంటి? మానేయండి" అని ఏడ్చింది. వేసుకుంటే ఊరి నోరు, మానేస్తే చెరువులో పడే భయం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బావ మానేశాడు.

ఆ వారంలోనే మా ఇంట్లో పెళ్ళి. వియ్యాలవారి వేళాకోళాలు లేనిదే మాకు భోజనం అరగదు. మా ఆడవాళ్ళు పూతరేకుల్లో తెల్లకాగితం చుట్టి మగపెళ్ళివారికి వడ్డించారు. వాళ్ళ పెద్దాయన నములుతూ, "బాగుందండి, నెయ్యే కాస్త తగ్గింది" అన్నాడు. పందిరంతా గొల్లుమంది. బావ కూడా నవ్వబోయి, చేతిలోని పెరుగు బకెట్‌తో సహా కూలబడ్డాడు.

కళ్ళు మూతపడ్డా అన్నీ వినపడుతూనే ఉన్నాయట. నాలుక మాత్రం కదలదు. పెళ్ళికొచ్చిన పెద్దిరాజుగారు పరిగెత్తుకొచ్చి, "ఏమైందమ్మా? జబ్బేమన్నా ఉందా?" అని అడిగారు.

లోవలక్ష్మి తల దించుకుంది. "కాస్త తాగారండి. పెళ్ళి కదా!"

జన్మలో చుక్క ముట్టని మనిషి! నాకు ఒళ్ళు మండింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచి, వాళ్ళ పొయ్యి గుర్తొచ్చి మూసుకున్నాను.

"తాగుడేనా!" రాజుగారు ఊపిరి పీల్చుకున్నారు. "జబ్బేమో అని భయపడ్డాను. జబ్బు మనిషిని పడవెక్కించి పాపం మూటగట్టుకోలేను."

కాసేపటికి బావ ఒంట్లోకి సత్తువ వచ్చింది. లేచి పంచె సర్దుకున్నాడు. అతని తాగుడు మీద అప్పుడే జోకులు మొదలయ్యాయి, చుట్టూ నవ్వులే. బావ మళ్ళీ ఎక్కడ నవ్వొస్తుందోనని పళ్ళు బిగబట్టి రాజుగారికి దణ్ణం పెట్టాడు.

"ఎక్కువైందండి. పొద్దున్నే పడవ దగ్గరుంటాను."